పేర్ల పక్కన నేను చేర్చిన ఊళ్ళు

కొత్తగా ఉద్యోగం వచ్చి కొండెక్కుతున్న మేష్టార్లకూ టీచరమ్మలకూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. బడిలో చేరిన నెలలోపే, పిల్లల్ని చదివేవాళ్ళనీ చదవనివాళ్ళనీ విడదీసి రెండు గదుల్లో కూర్చోబెడితే పని సులువవుతుందని మీకు తోస్తుంది. తప్పకుండా తోస్తుంది. నా నౌకరీ అంతటిలో అలా తోచని మేష్టారిని నేను చూడలేదు. తోచిన రోజున కాస్త ఆగి, ఆ రెండు గదుల పేర్లు రాసే చెయ్యి ఎవరిదో చూసుకోండి. మా బడిలో ఆ చెయ్యి నాది.

నేను మేష్టారిని కాను. గిరిజన ఆశ్రమ పాఠశాలలో కామాటిని. నీళ్ళు తోడటం, గిన్నెలు తోమటం, వరసల్లో వడ్డించటం, గదులు ఊడ్చి బోర్డులు తుడవటం కామాటి పని. నేను బడి మెట్టెక్కిందే ఆ పని మీద. అంతకు ముందు సాలూరులో లారీలకు బస్తాలెత్తేవాణ్ణి, వేలిముద్రగాణ్ణి. నాకు చదువు వచ్చింది బోర్డులు తుడవబట్టే. సాయంత్రం పిల్లలు ఆటకు పోయాక, మేష్టారు రాసి వదిలేసిన దాన్ని చదివితే గాని గుడ్డ పెట్టకూడదని నాకు నేనే ఒక కట్టడి పెట్టుకున్నాను. మొదట్లో ఒక్కో బోర్డుకు గంట పట్టేది. మూడో తరగతి బోర్డు దగ్గర రెండేళ్ళున్నాను, ఏడో తరగతి బోర్డు దగ్గర నాలుగేళ్ళు. పరీక్ష లేదు, పాసూ ఫెయిలూ లేదు. నాకు ర్యాంకు ఇచ్చేవాడు ఒక్కడు తగిలినా ఆ గుడ్డ అక్కడే పారేసి ఉండేవాణ్ణని ఇప్పుడనిపిస్తుంది.

అక్షరం ఆలస్యంగా వచ్చినా గుండ్రంగా వచ్చింది. దాంతో బడిలో చార్టులూ నోటీసులూ జాబితాలూ నా చేతికే వచ్చేవి. దానికి నేను ఎంత మురిసిపోయేవాణ్ణో చెబితే సిగ్గుగా ఉంటుంది. చెప్పకపోతే మాత్రం జరిగింది మీకు అర్థం కాదు.

తొంభైల మధ్యలో మా బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చారు. మైదానం మనిషి. పిల్లలతో పాటు నేల మీద కూర్చుని అదే పప్పన్నం తినేవారు. పప్పు నీళ్ళగా ఉంటే నా మీద కేకలేసేవారు. ఒక్క బియ్యం బస్తా దారి తప్పనిచ్చేవారు కాదు. ఆయన చెడ్డవాడైతే ఇది రాయటం నాకు సులువయ్యేది. అంతకు ముందటేడు ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో మా బడి అడుగున పడింది. మీటింగులో పైఅధికారి ఈయన్ని అందరి ముందూ నిలబెట్టి మాట్లాడాడట. తిరిగి వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. పైనుంచి పడ్డ అవమానం కొండ వాన లాంటిది, పల్లం వెతుక్కుంటూ పోతుంది. మా బడిలో పల్లం ఏడో తరగతి పిల్లలు.

జూలైలో వాళ్ళకి ఒక పరీక్ష పెట్టారు. నలభై ఇద్దరిలో మార్కులు బాగా వచ్చిన ఇరవై నలుగురు ఎ గది, మిగతా పద్దెనిమిది మంది బి గది. హెడ్మాస్టరు గారి కాగితంలో ముందు అడ్మిషన్ నంబరు, తర్వాత పేరు, మార్కులు, చివర ఎ అనో బి అనో ఒక అక్షరం. దాన్ని చార్టు మీద పెద్దగా రాసి గోడకు అంటించమన్నారు. పప్పు పొయ్యి మీద ఉంది, వడ్డన వేళ దగ్గర పడుతోంది. నంబర్లు చార్టులో పట్టవని వదిలేశాను.

ఒకే పేరు రెండు చోట్ల వచ్చింది. ఆ కొండల్లో అది మామూలే. పిల్ల ఏ వారం పుడితే ఆ వారం పేరే పెట్టే ఇళ్ళు చాలా ఉండేవి. ఇంటిపేరు కూడా ఒకటే అయితే మనిషిని ఊరితోనే గుర్తుపట్టాలి. ఈ ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతెది కొండ మీద ఊరు, రెండోదానిది కింద వాగు పక్క ఊరు. వాళ్ళ పేరు నేనిక్కడ రాయను. ఎగువూరి పిల్ల, దిగువూరి పిల్ల అంటాను.

చూసేవాళ్ళకు తికమక ఉండకూడదని, నా తెలివి కూడా కాస్త కనబడాలని, కాగితంలో లేని ఊళ్ళ పేర్లు నా అంతట నేనే పక్కన చేర్చాను. ఎ గదిలో పేరు పక్కన దిగువూరు. బి గదిలో పేరు పక్కన ఎగువూరు. రెండూ తారుమారు. మార్కులు వచ్చింది ఎగువూరి పిల్లకి.

రిజిస్టరు తీసి నంబరు చూసి ఉంటే తెలిసేది. ఎందుకు చూడలేదో తర్వాత చాలా కాలం ఆలోచించాను. దిగువూరి పిల్ల నూనె రాసి తల దువ్వుకునేది, నేను ఎదురైతే "బాబాయ్" అని నవ్వేది. ఎగువూరి పిల్లది చింపిరి జుట్టు, పలకరిస్తే నేల చూసేది. చదివే పిల్ల ఎలా ఉంటుందని నా బుర్రలో ఉందో నా చెయ్యి అదే రాసింది. చూసుకోవలసిన అవసరమే కనబడలేదు నాకు.

మైదా జిగురు రాసి చార్టు అంటిస్తుంటే పిల్లలంతా మూగారు. ఆ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని చదివారు. వాళ్ళు నేస్తం కట్టుకున్నవాళ్ళు. ఒకే పేరున్న ఆడపిల్లలు ఇద్దరు పండగనాడు అమ్మవారి రాయి ముందు పూసలదండలు మార్చుకుంటే, ఆనాటి నుంచి ఒకరినొకరు పేరుతో పిలవరు. నేస్తం అనే పిలుపు, చచ్చేదాకా. దిగువూరి పిల్ల మొహం వెలిగి అంతలోనే ఆరిపోయింది. "ఓలే నేస్తం, ఇదేటే..." అంది. ఎగువూరి పిల్ల ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరుకోయే. నీకొచ్చింది గదా."

నా చెవిన పడింది ఆ మాట. సంబరపడుతున్నారు కాబోలు అనుకున్నాను.

మరి మేష్టార్లకు తెలియలేదా అని మీరడగాలి. అడగండి. లెక్కల మేష్టారు కుర్రవాడు, జూలై చివర్లో చేరాడు, పిల్లల్ని గుర్తుపట్టిందే చార్టు చూసి. పాతవాళ్ళ సంగతి చెబుతాను. "వీళ్ళంతా ఒక్కలాగే ఉంటారయ్యా" అని టీ తాగుతూ అనుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి రోజూ చూసే పిల్లలు ఒక్కలాగే ఉన్నారంటే కళ్ళు ఎటు పెట్టుకుని పాఠం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది. మండి ఏం లాభం? నేనూ వాళ్ళ పక్కనే నిలబడి టీ గ్లాసులు అందించాను.

ఎ గదికి కిటికీలున్నాయి, బెంచీలున్నాయి, సాయంత్రం స్టడీ అవరు ఉంది. బి గది అంటే వరండాలో గోనెపట్టాలు. మధ్యాహ్నం నుంచి వాళ్ళని నాకు అప్పజెప్పారు. "బి పిల్లలు నీకు సాయం చేస్తారు. ఊరికే కూర్చునే కన్నా నయం కదా" అన్నారు హెడ్మాస్టరు గారు. నిజం రాస్తున్నాను, నేను సంతోషించాను. అప్పటిదాకా ఒక్కణ్ణే చేసే చాకిరీ. ఇప్పుడు కట్టెలు తెచ్చేందుకు, బియ్యం ఏరేందుకు, గదులు ఊడ్చేందుకు పద్దెనిమిది జతల చేతులు. వడ్డనలో కూడా స్టడీ అవరుకు ఆలస్యమవుతుందని ఎ వాళ్ళకే ముందు పెట్టేవాణ్ణి. అడుగున మిగిలిన పప్పు బి వాళ్ళకి.

రెండు నెలలు తిరక్కుండానే ఎ పిల్లలు తమ స్టీలు పళ్ళేల మీద మేకుతో ఎ అని గీసుకున్నారు. ఆ వారమే బి పిల్లలు బి అని గీసుకున్నారు. ఎవరూ గీయమనలేదు. బి పిల్లల్లో ఎవడైనా పుస్తకం తెరిస్తే, "ఓహో, ఎ గదికి ఎల్పోతావేటిరా" అని మిగతావాళ్ళే నవ్వి మూయించేవాళ్ళు. పెద్దవాళ్ళు గీత గీస్తే పిల్లలు దాని మీద గోడ కట్టుకుంటారు. ఆ గోడకు కాపలా కూడా వాళ్ళే కాస్తారు.

నేను ఊడుస్తూ రెండు చోట్లా పాఠాలు వినేవాణ్ణి. ఎ గదిలో లెక్కల మేష్టారు దిగువూరి పిల్లని ప్రశ్న అడిగేవాడు. ఆ పిల్లకి రాదు, మాట్లాడేది కాదు. ఈ పిల్ల మంచి మార్కులు తెచ్చుకున్నదని ఆయన నమ్మకం. అందుకని ఆగేవాడు. "సిగ్గుపడకమ్మా, ఇలా చూడు" అని ప్రశ్న తిప్పి అడిగేవాడు, ఒక మెట్టు తానే చెప్పేవాడు. మళ్ళీ ఆగేవాడు. నాలుగోసారికో అయిదోసారికో ఆ పిల్ల చెప్పేది. వరండాలో ఎగువూరి పిల్లని అడిగేవాళ్ళు. ఆ పిల్ల నేల చూసేది. రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా ఆగేవాళ్ళు కాదు. "రాదు. కూర్చో." మాట్లాడకపోవటం ఇద్దరిదీ ఒకటే. దానికి లోపల సిగ్గని పేరు, బయట రాదని పేరు. కార్తీకం వచ్చేసరికి దిగువూరి పిల్ల అడగకుండానే చెయ్యెత్తుతోంది. ఎగువూరి పిల్ల పేరు పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తోంది, వేరే ఎవరినో అన్నట్టు.

చలి ముదిరి, ఊళ్ళలో కంది కొత్త పండగ చేసుకుంటున్న రోజుల్లో ఒక పూట ఎసట్లో బియ్యం పోస్తున్నాను. నూనె డబ్బా కోసి చేసిన కొలత ఒకటుండేది. ఎనిమిది మందికి ఒక డబ్బా. బడిలో నూట అరవై ఎనిమిది మంది, ఇరవై ఒక్క డబ్బాలు. ఎప్పుడూ అంతే. పక్కన చేట పట్టుకున్న ఎగువూరి పిల్ల నేల చూస్తూనే అంది:

"నాలుగున్నర డబ్బాలు తీసీ బాబాయ్."

"ఏటి?"

"పదారు మంది పండక్కి ఎల్పోనారు గదా. మరి సన్నపిల్లలు నలభై మంది సగమే తింటారు. పదారున్నర డబ్బాలు సాలు. రోజూ వొండి కుక్కలకి పారబోస్తన్నావు."

నేను బొగ్గుతో గోడ మీద వేసుకుని చూసేసరికి ఎసరు పొంగింది. పదహారున్నరే.

"నువ్వు బి ఏటే గుంటా?" అన్నాను.

"నువ్వే గదా రాసినావు" అంది. నవ్వుతూనే అంది.

వడ్డన అయ్యాక ఆఫీసు గది ఊడ్చే వంకతో రిజిస్టరు తీశాను, హెడ్మాస్టరు గారి పాత కాగితం తీశాను, నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాను. నాలుగుసార్లు చూశాను.

మా వంటామె కొండ మనిషి, నాకన్నా పెద్దది, అప్పా అని పిలిచేవాణ్ణి. ఆమెకు చెప్పాను. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "ఇప్పుడా తెలిసింది నీకు?" అంది.

"నీకు తెలుసా!"

"బడిలో పిల్లలందరికీ తెలుసు. మీ సదుంకున్నోళ్ళకే తెల్దు."

"మరి ఆ గుంట నోరిప్పలేదేం అప్పా?"

"నేస్తం సేతికి ఎల్పోయింది మల్లీ అడగరు. పూసలైనా అంతే, పూవైనా అంతే. ఎ గదైనా అంతే."

మర్నాడు బియ్యం ఏరేటప్పుడు ఆ పిల్లనే అడిగాను. చాలాసేపు పలకలేదు. నేను కూడా లెక్కల మేష్టారిలా ఆగాను.

"గది మారితే ఏటవుద్ది, నా లెక్కలు నా దగ్గిరే ఉంటాయి గదా అనుకున్నాను బాబాయ్" అంది.

"ఉన్నాయి కదా మరి. నిన్న చూశాను కదా."

చేటలోంచి రాయి ఏరి పారేసింది. "ఇక్కడున్నాయి. పుస్తకం కాడ నేవు."

వెంటనే వెళ్ళి చెప్పేశానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. మూడు వారాలు ఊరుకున్నాను. ఉద్యోగం భయం ఒకటి. చెబితే ఎ గదిలో తేలిన పిల్లని కిందికి దింపేస్తారేమోనన్న భయం ఒకటి. రెండో భయాన్ని ముందు పెట్టుకుని మొదటి దాన్ని దాని వెనక దాచుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం హెడ్మాస్టరు గారు పిలిచి నామినల్ రోల్సు రాయమన్నారు. పరీక్షకు కూర్చునే పిల్లల జాబితా అది. అందులో పేరు వెళ్తేనే హాల్ టికెట్టు. "ఇరవై నాలుగు పేర్లే రాయి" అన్నారు. బి వాళ్ళకి టీసీలు ఇచ్చి పంపేస్తారు. బళ్ళో లేనివాడు ఫెయిల్ కాడు కదా, ఫలితం చెడదు. టీసీ తీసుకుని కొండెక్కిన పిల్ల మళ్ళీ దిగదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎగువూరి పిల్ల తండ్రికి పసుపు తవ్వకానికి చేతులు కావాలి. కబురు మీద కబురు పెడుతూనే ఉన్నాడు.

పదకొండో వరసలో ఆ పేరు వచ్చింది. పెన్ను ఆగిపోయింది. రెండు నిమిషాల తర్వాత హెడ్మాస్టరు గారు తలెత్తారు.

"ఏమయ్యా, ఇంకు అయిపోయిందా?"

"సార్, ఈ పేరు ఇద్దరిది."

"అయితే?"

"నేను తప్పు రాశాను సార్. జూలైలోనే."

రిజిస్టరు తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. లెక్కల మేష్టారిని పిలిపించారు, పిల్లలిద్దరినీ పిలిపించారు. నిరూపణ ఇప్పుడే అవ్వాలి అన్నారు. గోడకున్న చిన్న బోర్డు మీద ఒక లెక్క వేశారు: ఎనిమిది పుస్తకాలు ఒక కట్ట అయితే నూట నలభై నాలుగు పుస్తకాలు ఎన్ని కట్టలు? సుద్దముక్క ఎగువూరి పిల్ల చేతిలో పెట్టారు.

ఆ పిల్ల ఆ సుద్దముక్కను పిడికిట్లో బిగించుకుని నిలబడింది. నేల చూసింది.

"చెప్పు."

"నాకు రాదు సార్. నాను బి సార్."

ఆయన దిగువూరి పిల్ల వైపు తిరిగారు. "నువ్వు చెప్పు." ఆ పిల్లకు వచ్చు. రోజూ ఇంతకన్నా పెద్దవి చేస్తోంది. పక్కనున్న నేస్తాన్ని ఒకసారి చూసి తలొంచుకుంది.

"ఈ అమ్మాయికి వచ్చు సార్" అన్నాడు లెక్కల మేష్టారు కంగారుగా. "చెప్పమ్మా."

"చెప్పకపోతే నిన్నూ బి లోకి పంపేస్తాను" అన్నారు హెడ్మాస్టరు గారు.

"పంపీండి సార్" అంది ఆ పిల్ల. చిన్నగా అంది గాని వణుకు లేదు.

హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. "చూశావా? ఇద్దరికీ రాదు. ఏది నీ పొరపాటు, ఏది కాదు?"

నాకప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అవే అంకెలు తీసుకుని వంటగదిలో అడిగినట్టు అడిగాను. "ఏమే గుంటా, రేపు సంతకి ఇరవై నలుగురు పోతారట. నూట నలభై నాలుగు మందే ఉంటారు. ఎన్ని డబ్బాలు పొయ్యమంటావు?"

"పద్దెనిమిది" అంది, నేల చూస్తూనే. "సన్నపిల్లల్ని తీసీసి సూసుకుంటే పదిహేనున్నర. నువ్వెలాగూ పద్దెనిమిదీ పోసీస్తావు."

లెక్కల మేష్టారు నవ్వబోయి ఆగిపోయాడు. "సార్, రెండూ ఒకటే లెక్క" అన్నాడు మెల్లగా.

"అది వంట" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఇది లెక్క."

అన్నారే గాని బోర్డు వైపే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి పిల్లల్ని వెళ్ళమన్నారు. పెన్ను నావైపు తోసి, "రెండు పేర్లూ రాయి. నంబర్లతో రాయి. జరిగిన తప్పు నీదని ఒక కాగితం రాసి సంతకం పెట్టు" అన్నారు. ఇరవై అయిదు పేర్లు రాశాను. తప్పు నాదని కూడా అదే గుండ్రటి అక్షరాలతో రాశాను. గెలిచాననుకుంటూ వంటగదికి నడిచాను.

వంటామె అంతా విన్నది. గంటె కడుగుతూ అడిగింది: "మరి ఆ పదిహేడుగురూ ఏటి తమ్ముడా? ఆళ్ళ పేర్లు నువ్వు సరిగ్గా రాసినావనేటి?"

"వాళ్ళకి మార్కులు రాలేదు కదా అప్పా."

"దిగువూరి గుంటకి వచ్చినాయేటి?"

దిగువూరి పిల్ల నిజంగా బి లో పడవలసిన పిల్ల. పొరపాటున లోపలికి వెళ్ళింది. ఆగి అడిగేవాడు దొరికాడు, తేలింది. అంటే వరండాలో ఉన్న ఎవరిని లోపల కూర్చోబెట్టినా తేలేవాళ్ళే. ఆ రుజువు ఏడు నెలలుగా నా కళ్ళ ముందు చెయ్యెత్తుతూ ఉంది. నేను ఆఫీసులో నిలబడి ఏం చెప్పాను? ఈ పిల్ల పొరపాటున బి లో పడింది, పైకి తియ్యండి అన్నాను. మిగతావాళ్ళు సరిగ్గానే పడ్డారని దానికి అర్థం. ఆ పదిహేడు మంది మీద రెండోసారి కూడా నేనే రాశాను.

ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. హెడ్మాస్టరు గారు పైకి పంపే కాగితాల కవరు అంటిస్తున్నారు. వెనక్కి వచ్చేశాను. ఇంతకు మించి దానికి సాకు లేదు.

మర్నాడు పొద్దున్నే పదిహేడు మంది ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని తలో దారీ పట్టారు. ఒక్కరూ ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికయ్యేది. సెలవలు దొరికినట్టు నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళారు. పెట్టెల పైన కట్టుకున్న పళ్ళేల మీద నేను చదవగలిగిన అక్షరం ఒకటే.

ఎగువూరి పిల్లని ఎ గదిలో చివరి బెంచీ మీద కూర్చోబెట్టారు. దిగువూరి పిల్ల ముందు బెంచీ వదిలి వెళ్ళి పక్కన కూర్చుంది. నేను వడ్డనలో వరసలు కలిపేశాను, అంతవరకే నా చేతిలో ఉంది. లెక్కల మేష్టారు పాపం సాయంత్రాలు కూడా కూర్చోబెట్టి చెప్పాడు. కానీ నెలా పదిరోజులే ఉంది. ఏడు నెలలు రోజుకింత చొప్పున ఎక్కిన 'రాదు' అన్న మాట, రోజుకింత చొప్పునే దిగాలి కదా.

ఫలితాలు వచ్చాయి. దిగువూరి పిల్ల ఫస్టు క్లాసు. ఎగువూరి పిల్ల తెలుగులో గట్టెక్కింది, సోషల్ గట్టెక్కింది, ఇంగ్లీషు కూడా ఎలాగో గట్టెక్కింది. తప్పింది లెక్కల్లో. ఆ వేసవి కొండెక్కింది, మళ్ళీ దిగలేదు. నాకు మెమో వచ్చింది, జి.మాడుగుల వైపు ఇంకో బడికి బదిలీ వచ్చింది. అన్నట్టు, ఆ ఏడాది మా బడి ఫలితాలు బాగున్నాయని హెడ్మాస్టరు గారిని మీటింగులో మెచ్చుకున్నారు. ఆయన నాతో ఆ సంగతి చెబుతూ సంతోషించినట్టు కనబడలేదు. అది కూడా రాయాలి.

కొత్త బడిలో ట్రైనింగుకు వచ్చిన ఒక కుర్రమేష్టారు విద్యా మనోవిజ్ఞానం పుస్తకం ఒకటి అట్ట లేకుండా వదిలి వెళ్ళాడు. అందులో బోర్డు మీద రాయని సంగతులు చాలా ఉన్నాయి. గురువు పిల్లని ఏమనుకుంటే పిల్ల అటు జరుగుతుందని ఒక అధ్యాయం. గుంపుగా చీలిస్తే ఆ గుంపు తనకు తానే కట్టుబాటు పెట్టుకుంటుందని ఇంకో అధ్యాయం. ఎసరు పక్కన కూర్చుని రాత్రీ పగలూ చదివాను. చదువుతున్నకొద్దీ కోపం వచ్చింది. ఇవన్నీ మేష్టార్లకి ముందే చెబుతారు, పరీక్ష పెడతారు, మార్కులిస్తారు. వాళ్ళు పాసై వచ్చి చార్టు రాయమంటారు. ఈ మధ్య ఎ, బి అనటం లేదట, ఇంగ్లీషులో మెత్తటి పేర్లేవో పెట్టారట. పేరు మెత్తనైతే మాత్రం? పళ్ళెం మీద గీసుకోవటానికి పిల్లల దగ్గర మేకు ఎప్పుడూ ఉంటుంది.

రిటైరైన రెండేళ్ళకు, రెండు వేల పది ప్రాంతపు మాట, ఒక పని మీద బొర్రా దాటి పైకి వెళ్ళి, ఆ వాగు దారి పట్టాను. దిగువూరి పిల్ల అక్కడే ఒక చిన్న బడిలో టీచరైందని విన్నాను. ఒకే గది, అన్ని తరగతులూ కలిసి గుండ్రంగా కూర్చున్నాయి. ఒక పాపని ఏదో అడిగింది. ఆ పాప పలకలేదు. టీచరమ్మ ఆగింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, ఆమె నన్ను చూసింది, అయినా ఆగే ఉంది. పక్క పిల్ల చెవిలో ఏదో ఊదితే ఇద్దరూ కలిసి లేచి చెప్పారు. ఇద్దరినీ కూర్చోమంది. అప్పుడు "బాబాయ్!" అని లేచి వచ్చింది.

మధ్యాహ్న భోజనం వండేది ఎగువూరి పిల్ల. ఆ ఊరికే కోడలిగా వచ్చిందట. పిల్ల అంటున్నాను గాని ముప్పైకి దగ్గరపడ్డ మనిషి. పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, చెయ్యి కడుక్కుని, నేల చూసింది. తోచక ఒక వెధవ ప్రశ్న అడిగాను.

"లెక్కలు గుర్తున్నాయేటే ఇంకా?"

"నాకేటి లెక్కలు బాబాయ్, నాను బి గదా" అంది. నవ్వుతూనే అంది.

టీచరమ్మ ఆ మాటకి మొహం పక్కకి తిప్పుకుంది. ఆ మనిషి మాత్రం డేగిసా మూత తీసి లోపలికి చూసింది, గదిలో గుండ్రంగా కూర్చున్న పిల్లల మీద ఒకసారి చూపు తిప్పింది.

"ఇయ్యాల నలుగురు రానేదు. సన్నపిల్లలు పదిమంది" అంది గంటె అందుకుంటూ. "నీకు సరిపోద్ది. కూకో బాబాయ్."